మా అమ్మాయి ఎడమ భుజానికి పనస కర్ర స్టాక్

మా అమ్మాయిది పుర్రచేతి వాటం. అన్నం తినడం ఒక్కటే వాళ్ళ నానమ్మ కుడి చేతికి అలవాటు చేయగలిగింది. రాత, బొమ్మలు, షటిల్, అన్నీ ఎడమ చేత్తోనే. పోయినేడాది దసరా సెలవుల్లో మా నాన్నగారి పాత ఎయిర్ రైఫిల్ అటక మీంచి దింపితే, ఎవరూ చెప్పకుండానే దాన్ని ఎడమ భుజానికి పెట్టుకుంది. చెంప ఆనించబోయి ఆగిపోయింది. స్టాక్‌ని, అంటే భుజానికి ఆనించే కర్ర భాగాన్ని, అటూ ఇటూ తిప్పి చూసి, "నాన్నా, దీనికి చెంప పెట్టుకునే చోటు అటువైపు ఉంది" అంది.

నేను ముప్పై ఏళ్ళుగా ఆ రైఫిల్ని చూస్తున్నాను. ఎడమ పక్కన చెంప కోసం ఎత్తుగా చెక్కిన భాగం ఒకటి ఉందని, అది కుడిచేతి వాళ్ళ కోసమేనని ఎన్నడూ ఆలోచించలేదు. నాకు సరిపోయింది కాబట్టి అందరికీ సరిపోతుందనుకున్నాను. పైగా స్టాక్ మెడ దగ్గర, అంటే చేత్తో పట్టుకునే సన్నటి చోట, ఒక పగులు ఉంది. విశాఖలో గోపాలపట్నం ఇంటికి మారేటప్పుడు బీరువా మీంచి పడి చీలింది. నాన్నగారు దానికి నల్ల టేపు చుట్టి అలాగే ఉంచేశారు. ఆ రాత్రే అనుకున్నాను, పిల్ల కొలతకి కొత్త స్టాక్ నేనే చేస్తానని. బ్యారెల్‌ని విరిచి, అంటే కీలు దగ్గర కిందకి వంచి, స్ప్రింగ్ ఎక్కించే రకం కాబట్టి రైఫిల్ యంత్రానికి కుడీ ఎడమా తేడా లేదు. తేడా అంతా కర్రలోనే ఉంది.

చట్టం సంగతి ముందే చెప్పాలి. 2016 ఆయుధ నియమాల ప్రకారం బ్యారెల్ లోపలి వ్యాసం 0.177 అంగుళాలు (4.5 మిల్లీమీటర్లు) దాటకుండా, శక్తి 20 జౌళ్ళు మించకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. మాది ఆ రకం. మందుగుండుతో పేలే .22 రైఫిల్ సంగతి వేరు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీని బాగుచేయడానికి కూడా లైసెన్సు ఉండాలి. మా చిన్నతాతగారికి అలాంటి షికారు రైఫిల్ ఒకటి ఉండేది. దాని కర్రకి ఏమైనా అయితే ఆయన లైసెన్సున్న దుకాణానికే పట్టుకెళ్ళేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట మానేశారు కానీ, దీపావళికి దీపావళికి ఆ స్టాక్‌కి నూనె రాయడం మానలేదు. ఆ కర్ర నునుపు నా అరచేతికి ఇంకా గుర్తుంది. నేను చేసేది గాలి తుపాకీకే అయినా, నా మనసులో ఉన్న నమూనా మాత్రం అదే.

పాత స్టాక్ ఊడదీయడానికి ఒక ఆదివారం పొద్దున్న పట్టింది. బ్యారెల్ విరిచి లోపల గుండు లేదని, స్ప్రింగ్ ఎక్కి లేదని రెండుసార్లు చూసుకున్నాను. కర్రలోంచి తీశాక ఇలాంటి రైఫిల్‌కి స్ప్రింగ్ ఎక్కించకూడదు, ట్రిగ్గర్ నొక్కకూడదు. విరిచిన బ్యారెల్ ఒక్కసారి వెనక్కి కొడితే వేళ్ళు పోతాయి. స్ప్రింగ్ ఉన్న గొట్టాన్ని నేను విప్పలేదు కూడా, ఈ పనికి ఆ అవసరం రాదు. ముందు వైపు పక్కల రెండు స్క్రూలు, ట్రిగ్గర్ గార్డు దగ్గర రెండు స్క్రూలు తీస్తే కర్ర విడిగా వచ్చేస్తుంది. మన ఊరి ఉప్పుగాలికి ముందు స్క్రూ ఒకటి తుప్పుతో బిగుసుకుపోయింది. తుప్పు వదిలించే నూనె పోసి రాత్రంతా ఉంచి, గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్ వెతుక్కొచ్చి, మర్నాడు తిప్పితే వచ్చింది. ఏ స్క్రూ ఎక్కడిదో ఒక అట్టముక్క మీద బొమ్మ గీసి దానికే గుచ్చి పెట్టాను.

విడిగా వచ్చిన కర్రని వెలుతురులో పెట్టి చూస్తే, పగులుకి కారణం పడటం ఒక్కటే కాదని అర్థమైంది. మెడ దగ్గర కర్ర పొర పొడుగునా పోకుండా ఏటవాలుగా కిందకి దిగిపోయింది. వంటచెరుకు చీల్చిన వాళ్ళందరికీ తెలుసు, పొర ఎటు పోతే చీలిక అటు పోతుంది. స్టాక్ మొత్తంలో సన్నటి చోటు మెడే. అక్కడ పొర అడ్డంగా కోసుకుపోతే, ఎంత గట్టి కర్ర అయినా ఏదో ఒక రోజు విడిపోవాల్సిందే. కొత్త కర్రలో ముందు చూడాల్సింది మెడ దగ్గర పొర అని అప్పుడే రాసిపెట్టుకున్నాను.

కర్ర కోసం వెతకాల్సిన అవసరం రాలేదు. అడవివరంలో మా పెద్దమ్మగారి పెరట్లో పెద్ద పనస చెట్టు ఉండేది. సింహాచలం కొండ చుట్టుపక్కల పనస, అనాస ఎలా కాస్తాయో ఈ ఊరి వాళ్ళకి చెప్పనక్కర్లేదు. వేసవిలో ఆ చెట్టు కాయలు మా ఇంటికి, ఇంకో నాలుగిళ్ళకి వచ్చేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానులో అది వేళ్ళతో సహా పడిపోయింది. గుమ్మాలు చేయిద్దామని పెద్దమ్మ మొద్దుని పలకలుగా కోయించి, మధ్యలో పుల్లలు పెట్టి పశువుల శాలలో పేర్పించింది. గుమ్మాలు పడలేదు, పలకలు అలాగే ఉండిపోయాయి. అంగుళం మందం ఆరడానికి ఏడాది అంటారు. ఈ రెండున్నర అంగుళాల పలకలు పదేళ్ళు నీడలో ఆరాయి. నేను అడిగితే పెద్దమ్మ, "దాని కాయలు తిని పెరిగినోడివి, నీకు ఇవ్వక ఎవరికిస్తానురా, పట్టుకెళ్ళు" అంది.

తుపాకీ స్టాక్‌కి అక్రోటు కర్ర పేరున్నది. బరువు తక్కువ, చీలదు, పదునైన అంచు నిలుస్తుంది. పనస బరువులో దానికి దగ్గరగానే ఉంటుంది, చెద పట్టదు. ఒకటే చిక్కు, పొర అక్కడక్కడ మెలికపడి అటోసారి ఇటోసారి తిరుగుతుంది. ఆ మెలిక నన్ను తర్వాత ఎంత ఇబ్బంది పెట్టిందో చెబుతాను.

పలకని కోయించడానికి మా వీధి వడ్రంగి మేస్త్రిని వెంటబెట్టుకుని సామిల్లుకి వెళ్ళాను. ఆయన పలక మీద చెయ్యేసి నిమిరి, వేలి గణుపుతో తట్టి చూశాడు. "వీణలు సేసే కర్ర బాబూ ఇది. బొబ్బిలోళ్ళు దీంతోనే సేస్తారు. తుపాకీకేటి?" అన్నాడు. నిజమే, బొబ్బిలి వీణలు పనస కర్రవే. ఒకే మొద్దుని తొలిచి చేసే వీణని ఏకాండి వీణ అంటారు. పిల్ల కోసమని, పుర్రచేతి వాటమని చెప్పాను. "పాపకా? అయితే సేసీద్దాం" అని పలకని పక్కకి తిప్పి, పొర ఎటు పోతోందో పెన్సిల్‌తో గీసి చూపించాడు. ఆ గీతని బట్టి అట్టతో కోసిన నమూనాని పలక మీద జరుపుతూ, మెడ దగ్గర పొర సరిగ్గా పొడుగునా వచ్చే చోట ఆపాం. అందువల్ల పలకలో సగం వృథా అయింది. ఆ సగం గురించి నాకు బాధ లేదు.

కోసిన దుంగని వెంటనే చెక్కలేదు. ఎంత ఆరిన కర్ర అయినా కోసి కొత్త ముఖం గాలికి పెడితే మళ్ళీ కదులుతుంది. మా వంటింటి త్రాసు మీద వారం వారం తూచి గోడ మీద రాశాను. మూడో వారానికి బరువు మారడం ఆగింది. ఈలోగా ఒక చివర చిన్న మెలి తిరిగింది, చిత్రిక పట్టి సరిచేశాను. సంక్రాంతి వెళ్ళాక పని మొదలుపెట్టాను. ఆ నెలల్లో మన ఊళ్ళో గాలి కాస్త పొడిగా ఉంటుంది. జూలైలో ఈ పని పెట్టుకుంటే కర్ర ఎప్పుడు ఉబ్బిందో ఎప్పుడు తగ్గిందో తెలియదు.

ఇక కొలతలు. ట్రిగ్గర్ నుంచి స్టాక్ వెనక చివర వరకు ఉండే పొడుగు ముఖ్యం. మోచెయ్యి మడిచి, మడత నుంచి చూపుడువేలి మొదటి గణుపు దాకా కొలిస్తే ఆ మనిషికి కావలసిన పొడుగు సుమారుగా తెలుస్తుంది. పాత స్టాక్ 14 అంగుళాలు, పెద్దవాళ్ళ కొలత. పన్నెండేళ్ళ మా అమ్మాయికి పన్నెండుంబావు వచ్చింది. పొడుగు ఎక్కువైతే పిల్లలు నడుం వెనక్కి వంచి బరువంతా వెన్ను మీద వేసుకుంటారు. అలా నిలబడితే గురి రాదు, నొప్పి మాత్రం వస్తుంది. కానీ పిల్ల ఎదుగుతుంది కదా. అందుకని స్టాక్‌ని 12 అంగుళాలకే తెగ్గోసి, వెనక రబ్బరు ప్యాడ్‌కి ముందు అర అంగుళం మందం పనస బిళ్ళలు నాలుగు చేశాను. ఎదిగేకొద్దీ ఒక్కోటి చేర్చుకుంటూ పోవచ్చు. స్క్రూలు కూడా పొట్టివి, పొడుగువి ముందే కొనిపెట్టాను.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు పట్టింది, నాకు ఎక్కువ ఇష్టమైంది, ఇనుము కూర్చునే గాడి తొలవడం. ముందు దుంగ నడుమ గీత. దాని వెంబడి బర్మాతో వరసగా బొక్కలు. తర్వాత ఉలితో మధ్యలో మిగిలిన గోడలు తీసేయడం. గీత దాకా రాకుండా అగ్గిపుల్ల మందం వదిలి ఆగాలి. ఆ మిగిలిన మందాన్ని ఉలితో కాదు, కాటుకతో తీయాలి.

కాటుక సంగతి నాకు మేస్త్రి చెప్పాడు. ఇనుప భాగానికి పలచగా నల్లటి మసి రాసి, గాడిలో మెల్లగా కూర్చోబెట్టి, కొయ్యసుత్తితో ఒక్కసారి తట్టి తీస్తే, ఎక్కడ కర్ర ఎక్కువగా ఉందో అక్కడ మాత్రమే నల్లమచ్చ పడుతుంది. ఆ మచ్చనే గీకాలి. మళ్ళీ రాయాలి, మళ్ళీ తట్టాలి, మళ్ళీ గీకాలి. మా అమ్మ ఆముదం దీపం మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి కాటుక పట్టి ఇచ్చింది. "ఈ పళ్ళెంలోనే దీనికి ఇరవై ఒకటో రోజున కాటుక పట్టాను" అని మనవరాలిని చూపించి అంది. ఆ కాటుకలో ఒక చుక్క ఆముదం కలిపి, వేలితో గొట్టానికి రాసేవాణ్ణి.

మొదటి రోజు తట్టి తీస్తే మచ్చలు మూడే పడ్డాయి. అంటే అంత పెద్ద ఇనుము కర్రలో మూడు చోట్ల మాత్రమే ఆనుతోందన్నమాట. గీకాను. రెండో రోజుకి పది. వారం తిరిగేసరికి గాడి పొడుగునా చిన్న చిన్న నల్లచుక్కలు, చీమలబారులా. గీకే పనికి ఉలి కంటే పగిలిన గాజు పెంకు బాగా పనిచేసింది. ఒక గీకుకి ఉల్లిపొర కన్నా పలచటి పసుపు పొర లేచి వేలికి చుట్టుకునేది. పనస లోపల పచ్చటి పసుపు, నా గోళ్ళు వారాల తరబడి అదే రంగు. బర్మా, థాయిలాండ్‌లలో బౌద్ధ భిక్షువుల వస్త్రాలకి ఈ పేళ్ళని ఉడకబెట్టిన నీళ్ళతోనే రంగు వేసేవారు. నేను అమ్మాయికి ఆ మాట చెప్పగానే తన తెల్ల జేబురుమాలు తెచ్చి పేళ్ళ నీళ్ళలో ముంచింది. పసుపు బాగానే పట్టింది.

గాడిలో అన్నిచోట్లా బిగువు ఉండకూడదని కూడా ఈ పనిలోనే తెలిసింది. స్ప్రింగ్ రైఫిల్ పేలినప్పుడు మామూలు తుపాకీలా వెనక్కి తన్ని ఊరుకోదు. స్ప్రింగ్ తోసిన పిస్టన్ ముందుకి దూకేటప్పుడు రైఫిల్ వెనక్కి వస్తుంది, పిస్టన్ గొట్టం చివర ఆగగానే ముందుకి లాగుతుంది. రెండు కుదుపులు, రెండు దిక్కులకి. అందుకే వీటికి స్క్రూలు ఊరికే వదులవుతాయి. ముందు స్క్రూలు ఆ కుదుపుని మోస్తాయి కాబట్టి అక్కడ కర్ర గట్టిగా పట్టి ఉండాలి. గొట్టం వెనక చివర మాత్రం కర్రకి తగలకూడదు. తగిలిందా, ప్రతి దెబ్బా నేరుగా సన్నటి మెడ మీదకి వెళ్ళి దాన్ని మేకులా చీలుస్తుంది. అక్కడ అట్టముక్క మందం ఖాళీ వదిలాను. పాత స్టాక్‌లో ఆ చోటు నలిగి మెరుస్తోంది. చీలికకి అది కూడా ఒక కారణమే అయి ఉండాలి.

ఫిబ్రవరి చివర్లో తప్పు జరిగింది. ట్రిగ్గర్ దూరే బెజ్జం పెద్దది చేస్తుంటే, కుడి పక్కన పొర మెలికలో ఉలి దిగబడి, అంగుళం పొడుగు పెచ్చు ఒకటి లేచిపోయింది. అర్ధరాత్రి దాకా ఆ ఖాళీనే చూస్తూ కూర్చున్నాను. ఆరువారాల పని పోయినట్టే అనిపించింది. పొద్దున్నే దుంగ మేస్త్రి దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన వేలు పెట్టి తడిమి, "కర్రనేటి అనీకండి బాబూ, మీరు పొరకి ఎదురెళ్ళారు. ఇటునించి అటు కాదు, అటునించి ఇటు కొయ్యాల" అన్నాడు. మిగిలిపోయిన సగం పలకలోంచి, రంగూ పొరా కలిసే చోట వెతికి సన్నటి ముక్క కోసి, ఆ ఖాళీలో అతికి, బిగించి రెండు రోజులు వదిలేశాం. వృథా అయిందనుకున్న సగం అలా అక్కరకొచ్చింది. ఇప్పుడు చూసినా ఆ అతుకు కనిపిస్తుంది, వెతికే వాళ్ళకి. నేను దాన్ని రంగుతో కప్పలేదు.

ముందు స్క్రూల బెజ్జాలకి ఇత్తడి గొట్టం ముక్కలు పెట్టాను. పూర్ణా మార్కెట్ దగ్గర హార్డ్‌వేర్ షాపులో దొరికాయి. కర్ర మీద స్క్రూ నేరుగా బిగిస్తే కర్ర నలుగుతుంది, బిగువు నిలవదు. ఇత్తడి మీద బిగిస్తే నిలుస్తుంది. ఆ ముక్కల్ని అరాల్డైట్‌తో కూర్చోబెట్టి, రైఫిల్ గొట్టానికి అది అంటుకోకుండా ముందే షూ పాలిష్ దట్టంగా రాశాను. ఈ ఒక్క జాగ్రత్త మర్చిపోతే ఇనుము, కర్ర మళ్ళీ విడిపోవు.

బయటి ఆకారానికి అమ్మాయి రోజూ సాయంత్రం స్కూల్నించి రాగానే వచ్చి నిలబడేది. కళ్ళు మూసుకుని రైఫిల్ భుజానికి పెట్టుకోమనేవాణ్ణి. చెంప ఆనించాక కళ్ళు తెరిస్తే, ముందున్న గురి కాడ, వెనకున్న గురి గాడి మధ్యలోనే కనపడాలి. మొదట్లో మెడ చాచి వెతుక్కునేది. కుడి పక్కన చెంప భాగాన్ని కర్ర ఆకురాయితో రోజుకి కాస్త చొప్పున దించుతూ వచ్చాను. తీసిన కర్ర తిరిగి పెట్టలేం కాబట్టి, ఇంకా కొంచెం ఉండగానే ఆగి మర్నాటికి వదిలేవాణ్ణి. తొమ్మిదో రోజో పదో రోజో కళ్ళు తెరిచి, కదలకుండా, "నాన్నా, ఇక ముట్టుకోకు" అంది.

ముట్టుకోలేదు. ఎమెరీ పేపర్లు గరుకువి నుంచి నున్నటివి వరసగా పట్టి, మధ్యమధ్య తడిగుడ్డతో తుడిచి లేచిన నూగు తీసేసి, అవిసె నూనె పట్టించాను. మొదటి పూతకి టర్పెంటైన్ కలిపి పలచగా, తర్వాత ఆరు పూతలు చేతి వేడితో రుద్దుతూ. లోపల గాడికి, వెనక కోసిన ముఖానికి కూడా, ఎందుకంటే తేమ ముందు దూరేది అక్కణ్ణించే. నూనె తగలగానే పసుపు కర్ర తేనె రంగుకి తిరిగింది. ఒక హెచ్చరిక: అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పడేయకండి. అవి వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నేను నీళ్ళ బకెట్లో నానబెట్టి, తర్వాత విడదీసి ఆరేసి పారేశాను.

మార్చి ఆఖరి ఆదివారం డాబా మీద పది మీటర్లు కొలిచి గురి పెట్టాం. చింకిపాతలు కూరిన చెక్కపెట్టె, దాని వెనక మందపాటి ప్లైవుడ్, ఆ వెనక మెట్లగది గోడ. అందరికీ కళ్ళద్దాలు. స్ప్రింగ్ నేనే ఎక్కించి ఇస్తాను, అది పిల్ల బలానికి ఇంకా కుదరదు. టేపు చుట్టిన పాత స్టాక్‌తో నేను అయిదు గుళ్ళు కొడితే అరచేతి మధ్యంతా చెదిరేవి. కొత్తదాంతో అయిదూ రూపాయి బిళ్ళ కింద దాగాయి. నాన్నగారికి కంటి ఆపరేషన్ అయ్యాక సరిగ్గా కనపడదు. టార్గెట్ కాగితం తెప్పించుకుని బొక్కల మీద వేలు పెట్టి లెక్కపెట్టారు. తర్వాత అమ్మాయి. మొదటి పది గుళ్ళు ఎటెటో పోయాయి. పదకొండోది నల్లటి గుండ్రంలో పడింది. దించి నావైపు చూడలేదు, వెంటనే ఇంకో గుండు కోసం చెయ్యి చాచింది. సీసం గుళ్ళు కాబట్టి దిగగానే అందరం సబ్బుతో చేతులు కడుక్కున్నాం.

వానాకాలం వస్తే చూడాలి అని మేస్త్రి అంటూనే ఉన్నాడు. జూలైలో ముసురు పట్టిన వారం, బ్యారెల్ విరుస్తుంటే స్ప్రింగ్‌ని ఎక్కించే కింద కడ్డీ కర్రకి రాసుకుని కీచుమంది. ముందు భాగం తేమకి ఉబ్బి, కడ్డీ నడిచే సందు ఇరుకైంది. మళ్ళీ కాటుక, మళ్ళీ గాజు పెంకు. రెండు పక్కలా అట్ట మందం గీకి, అక్కడ ఇంకో రెండు పూతలు నూనె పెట్టాను. ఆ తర్వాత శబ్దం లేదు. స్క్రూ తల మీద, పక్కన ఇత్తడి మీద కలిపి ఒక సన్నటి గీత గీశాను. ఆ గీత విడిపోతే స్క్రూ వదులైందని అర్థం. యాభై గుళ్ళకోసారి చూస్తాను. కాల్చిన ప్రతిసారీ ఇనుముకి నూనెగుడ్డ వేస్తేనే సముద్రం గాలికి ఆగుతుంది.

స్టాక్ వెనక ప్రస్తుతం ఒక్క బిళ్ళే ఉంది. మిగతా మూడు కాగితంలో చుట్టి నా టేబుల్ సొరుగులో పెట్టాను, వాటి పొడుగు స్క్రూలతో సహా. పోయిన వారం అమ్మాయి మోచెయ్యి మడిచి స్కేలు పెట్టి తనే కొలుచుకుంది. ఇంకో పావు అంగుళం ఎదిగితే రెండోది పెట్టాలట.